వదులు అన్న మాట

పోయిన వారం డ్రిల్లు టీచరమ్మని వంటింటి గుమ్మంలో, చెవి దగ్గర ఫోనుతో నిలబెట్టి మనం వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఫోన్లో యోగా మాస్టారు చెప్పింది నాలుగు ముక్కలే. "ఆదివారం పొద్దున్న, పడిన చోటే కూర్చుందామమ్మా. మీ కోడలు వస్తానంది. వాళ్ళ నాన్నగారు కూడా వస్తారట."

పడిన చోటే కూర్చోవడమంటే వాళ్ళ బృందంలో ఒక కట్టుబాటు. సాధనలో ఎవరైనా పడితే, దెబ్బ కాస్త నెమ్మదించాక, సరిగ్గా ఆ చోటే చాప పరుచుకుని కూర్చుని ఎలా పడ్డారో చెప్పుకోవాలి. తప్పు ఎవరిదో తేలేదాకా సాధన బంద్. యోగా, పట్టీ మీద నడక, ఒకరినొకరు మోసుకునే విన్యాసాలు, మూడూ కలిపి చేసే ఆ సాధనలో ఈ కుటుంబం చేరి ఎంతో కాలం కాలేదు. గోడౌన్లో లారీల మీద సరుకు కట్టే కొడుకు పట్టీ తెచ్చాడు. కళ్ళద్దాల షాపులో పనిచేసే కోడలు ఆసనాలు తెచ్చింది. అత్తగారు, అంటే మన డ్రిల్లు టీచరమ్మ, గట్టి నడుము తెచ్చింది. పార్కులో రెండు చెట్ల మధ్య మోకాలెత్తున కట్టిన పట్టీ మీద కోడలు చేతులు చాపుకుని నడిచి వచ్చేది. కింద చాప మీద వెల్లకిలా పడుకుని అత్త కాళ్ళు పైకెత్తేది. కోడలు ముందుకు వాలి అత్త అరికాళ్ళ మీద నడుము ఆన్చి, అత్త చేతుల్లో చేతులు పెట్టి, పట్టీ వదిలి గాల్లోకి లేచేది. కోడల్ని నెత్తిన పెట్టుకునే అత్తల గురించి విన్నాంగానీ అరికాళ్ళ మీద పెట్టుకునే అత్తని ఇప్పుడే చూస్తున్నామని వాకింగుకొచ్చేవాళ్ళు నవ్వుకునేవారు. ఆ నవ్వు వింటే అత్తాకోడళ్ళిద్దరికీ ఎక్కడలేని గర్వం.

ఆ గర్వమే ఒకరోజు నేల మీద పడింది. కోడలు సగం పట్టీ మీద, సగం అత్త చేతుల మీద ఉండగా, పక్కన కాపలా నిలబడ్డ కొడుకు "వదులు! వదులు!" అని అరిచాడు. పట్టీ వదులైందని అతని గోల. చేతులు వదలమంటున్నాడని విని అత్త వదిలేసింది. కోడలు పడింది, మణికట్టు విరిగింది. అసలు పట్టీ దగ్గర "వదులు" అన్న మాటే అనకూడదు, దిగాలంటే "దించు" అనాలి, అది వాళ్ళ మొదటి పాఠం. అంచేత పట్టీ సరిగ్గా బిగించని తప్పూ, అనకూడని మాట అన్న తప్పూ, రెండూ కొడుకు నెత్తినే పడ్డాయి.

ఇదంతా లోకానికి చెప్పింది డ్రిల్లు టీచరమ్మే. అది అబద్ధమని మనకి పోయిన వారం తెలిసింది. కొడుకు అరవకముందే ఆవిడ చెయ్యి తీసేసింది. ఎందుకు తీసిందో మాత్రం మహాతల్లి మనక్కూడా చెప్పలేదు.

చెప్పకపోతే ఏమవుతుందిలే అనుకుంది మొదట్లో. అయింది. కోడలు కట్టుతో ఆసుపత్రి నుంచి నేరుగా పుట్టింటికి వెళ్ళిపోయింది. గోడౌన్లో కొడుకుని అందరూ "బిగింపు" అని పిలుస్తారు. అతను కట్టిన సరుకుని తంతే లారీ కదలాలిగానీ సరుకు కదలకూడదు, అంత పేరు. ఆ బిగింపే ఇప్పుడు కట్టిన పట్టీని విప్పి కట్టి, మళ్ళీ విప్పి, లారీల్ని గేటు దాటనివ్వడం లేదు. చూసి చూసి మేస్త్రీ అతన్ని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాడు. వచ్చే లారీకి గేటు తియ్యాలి, పోయే లారీకి గేటు వెయ్యాలి, అంతే పని. మగవాడు ఏడిస్తే చూడలేమంటారుగానీ, ఏడవకుండా కంచం ముందు చేతులు చూసుకుంటూ కూర్చునేవాణ్ణి చూడ్డం అంతకన్నా కష్టం. ఆ కంచం నింపిన తల్లికి నిజం తెలుసు. తెలిసీ ఇంకో గరిటె వడ్డించేది.

ఆదివారం పొద్దున్న పార్కులో గడ్డి ఇంకా తడిగానే ఉంది. తోటమాలి నీళ్ళ గొట్టం లాక్కుంటూ పోతున్నాడు. యోగా మాస్టారు ముందే వచ్చి రెండు చాపలు పరిచి, వాటి మధ్య వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నారు. ఆయన ధోరణే అంత, ఇల్లు తగలబడుతుందన్నా ముందు ఊపిరి తీసుకోమంటారు.

"ఆ రోజు ఎలా కట్టావో అలాగే కట్టు బాబూ. ఊపిరి తీసుకుని కట్టు."

కొడుకు చెట్టు బెరడు నలక్కుండా గుడ్డ చుట్టాడు. దాని మీద పట్టీ చుట్టాడు. రెండో చెట్టు దగ్గర ఇనప పిడిలోకి కొస దూర్చి, పిడిని ముందుకీ వెనక్కీ ఆడిస్తూ బిగించాడు. బిగించి, వేలితో మీటి, తల అడ్డంగా ఊపి విప్పేశాడు. మళ్ళీ బిగించాడు. మళ్ళీ విప్పాడు. చేతులు వణుకుతున్నాయి, పిడి కటకటమంటోంది.

"చాల్లేరా నాన్నా," అంది తల్లి. గ్రౌండులో రెండొందల మంది పిల్లల్ని ఒక్క కేకతో నిలబెట్టే గొంతు, తనకే వినపడలేదు.

"చాలడం లేదమ్మా," అన్నాడు కొడుకు తలెత్తకుండా. "ఎక్కడ తప్పు చేశానో తెలియట్లేదు. అది తెలిస్తే బాగుండు."

డ్రిల్లు టీచరమ్మకి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఇప్పుడు చెప్పేద్దాం అనుకుంది. వాళ్ళిద్దరే ఉన్నారు, మాస్టారు కళ్ళు మూసుకునే ఉన్నారు, చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. నోరు తెరిచేసరికి పార్కు గేటులోంచి కోడలూ, ఆమె వెనకే వియ్యంకుడుగారూ వస్తూ కనిపించారు. తెరిచిన నోటితో ఆవలించి ఊరుకుంది.

కోడలు సన్నబడింది. కట్టు వేసిన చెయ్యి మెడకి వేలాడుతోంది. "బాగున్నారా అత్తయ్యా," అంది. మొగుణ్ణి మాత్రం పలకరించలేదు. చాప మీద కూర్చుంటూ అతని చేతులవైపు చూసింది, చటుక్కున మొహం తిప్పుకుంది.

వియ్యంకుడుగారు కోర్టులో పెద్ద గుమాస్తా. ఇంట్లో చట్నీలో ఉప్పు తగ్గినా సాక్ష్యాలు అడిగే రకం. చాప మీద కూర్చోలేక, చెట్టు మొద్దు మీద చేతిరుమాలు పరుచుకుని కూర్చున్నారు. అమ్మాయి పడిన రోజున కూడా ఆయన ఇక్కడే ఉన్నారు. వియ్యపురాలూ కూతురూ చేసే విద్య చూద్దామని మొదటిసారి సరదాగా వచ్చారు, వచ్చిన రోజే ఆ ఘోరం జరిగింది.

"నేను ఎక్కువ మాట్లాడను," అని మొదలుపెట్టి ఆయన చాలాసేపు మాట్లాడారు. "నేను విన్నమాట చెప్పేవాణ్ణి కాదు. కళ్ళారా చూసినవాణ్ణి. మొదట్నించి చివరిదాకా రెప్ప వెయ్యకుండా చూశాను. పట్టీ వదులైంది. అమ్మాయి పడింది. అల్లుడుగారికి బస్తాలు కట్టడం వచ్చేమో, మనుషుల ప్రాణం నిలబెట్టేలా కట్టడం రాదు. బస్తా పడితే దులిపి మళ్ళీ ఎత్తుకుంటారు. ఇది మా అమ్మాయి. అంచేత అమ్మాయి మా ఇంట్లోనే ఉంటుంది. ఎన్నాళ్ళని అడక్కండి."

"తప్పు నాదే మామయ్యగారూ," అన్నాడు కొడుకు.

"నీదే అని నువ్వే ఒప్పుకుంటున్నావుగా. ఇంక మాట్లాడేదేముంది?"

యోగా మాస్టారు డ్రిల్లు టీచరమ్మ వైపు తిరిగారు. "మీరు కింద మనిషి కదమ్మా. మీరు కూడా ఓ మాట చెప్పాలి. ఊపిరి తీసుకుని చెప్పండి."

ఊపిరి తీసుకుంది. వియ్యంకుడి బూట్లవైపు చూసింది. మెరిసేలా పాలిష్ పెట్టిన బూట్లు. "చెప్పాను కదండీ... వాడు వదులు వదులు అని అరిచాడు. నేను వదిలేశాను," అంది.

అబద్ధం మొదటిసారి ఆడినప్పుడు కంగారులో ఆడింది. ఇది రెండోసారి, కొడుకు మొహం ఎదురుగా ఉండగా ఆడింది. కొడుకు ఏమన్నాడో తెలుసా? "అమ్మ తప్పేం లేదండీ, నేనే ఆ మాట అనకూడదు," అన్నాడు. అది విన్నాక ఆవిడకి చాప కింద భూమి చీలి తనని లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. భూమి మన సౌకర్యం కోసం చీలదు. తడి గడ్డి మాత్రం లంగరేసినట్టు చాపని పట్టుకుని ఉంది.

కొడుకు లేచాడు. "అయితే ఇది విప్పేస్తాను. ఇంక నేను పట్టీ ముట్టుకోను. గోడౌన్లో కూడా చెప్పేస్తాను, నన్ను గేటు దగ్గరే ఉంచెయ్యమని." పిడి దగ్గర కూర్చుని దాన్ని విప్పబోయాడు. వేళ్ళకి ఆ చిన్న మీట దొరకలేదు. ఒకసారి జారింది, ఇంకోసారి జారింది. రోజూ కళ్ళు మూసుకుని చేసే పని అది.

"ఆగు," అంది కోడలు.

అంత గట్టిగా అంటుందని ఎవరూ అనుకోలేదు. మాస్టారు కళ్ళు పూర్తిగా తెరిచారు.

"విప్పకు. అత్తయ్యా, మీరు ఒక్కసారి పడుకోండి. ఆ రోజులాగే."

"ఇప్పుడెందుకమ్మా, నీ చెయ్యి..."

"నేను పైకెక్కను. పడుకోండి."

డ్రిల్లు టీచరమ్మ పడుకుంది. కోడలు ఆమె తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, బాగున్న చెయ్యి ముందుకు చాపింది. అత్త దాన్ని పట్టుకుంది. ఎన్ని పొద్దుల అలవాటో, వేళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి.

"ఇప్పుడు నువ్వు చెప్పు," అంది కోడలు మొగుడితో, అతని వైపు చూడకుండానే. "ఆ రోజు ఎప్పుడు అరిచావు?"

"పట్టీ ఎగిరినప్పుడు."

"ఎగిరిందా, జారిందా?"

"ఎగిరింది. నా మోకాలికి తగిలింది కూడా." అంటూనే అతను ఆగిపోయాడు. పట్టీని చూశాడు, అరచేత్తో ఒకసారి నొక్కి వదిలాడు. అది పైకి లేచి కొట్టుకుంది. "వదులైతే కిందికి వేలాడాలి కదా... ఎగరదు. మీద బరువు ఒక్కసారిగా పోతేనే ఎగురుతుంది." అతని గొంతు చిన్నదైపోయింది. "అంటే అప్పటికే నువ్వు..."

"అప్పటికే నేను పడుతున్నాను. నువ్వు అరిచింది నాకు గాల్లో ఉండగా వినపడింది. చెయ్యి అంతకుముందే పోయింది." కోడలు అత్త చేతిని ఇంకా పట్టుకునే ఉంది. "అవునా అత్తయ్యా?"

డ్రిల్లు టీచరమ్మ దిగ్గున లేచి కూర్చుంది. తప్పు దొరికినప్పుడు మనిషికి ముందు వచ్చేది కోపమే. "ఏంటమ్మాయ్, నేను అబద్ధాలాడుతున్నానా? ఇంతమందిలో నిలబెట్టి అడుగుతావా? రోజూ నిన్ను మోసిన కాళ్ళివి! నీకు వినపడిందా, నాకు వినపడిందా? గాల్లో ఉన్నదానివి నువ్వు, నేల మీద ఉన్నదాన్ని నేను!"

ఆ కేకకి దారిన పోతున్న ఇద్దరు ఆగి చూశారు. తోటమాలి గొట్టం కట్టేశాడు. కొడుకు తల్లినే చూస్తున్నాడు. ఆ చూపులో నింద లేదు, ఆశ ఉంది. తప్పు తనది కాదేమోనన్న చిన్న ఆశ, అది కనపడితే ఎవరైనా లాగేసుకుంటారేమోనన్నట్టు భయంగా దాచుకుంటున్నాడు. ఆ చూపు ముందు ఆవిడ కోపం చప్పున చల్లారిపోయింది.

"నా చెయ్యే," అంది. "ముందే తీసేశాను. వాడు అరవకముందే. పట్టీ బాగానే ఉంది. వాడు బాగానే కట్టాడు."

వింతేమిటంటే, ముందుగా మాట్లాడింది వియ్యంకుడుగారు. "సరే సరే. పోనివ్వండి. జరిగిందేదో జరిగింది. ఎవరి చెయ్యయితేనేం, ఇంక తవ్వుకోవడం ఎందుకు? పదవే అమ్మాయ్, ఎండెక్కుతోంది," అని చేతిరుమాలు దులిపి లేచారు. ఇందాకటి దాకా నిలదీసిన మనిషి హఠాత్తుగా శాంతమూర్తి అయిపోయారు.

"ఉండండి నాన్నా," అంది కోడలు. "ఎందుకు తీశారత్తయ్యా?"

"అది అడక్కమ్మా."

"ఎందుకమ్మా?" ఈసారి కొడుకు.

"చెప్పలేనురా. చెప్పేది కాదు."

కోడలి మొహం పాలిపోయింది. "కావాలనే వదిలారా?"

చూశారా, నిజం సగం చెబితే ఎంత ప్రమాదమో! అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడలులేని అత్త గుణవంతురాలు అని పెద్దలు అననే అన్నారు. లోకం ఎప్పుడూ ఆ మాట నిజం కావాలనే చూస్తుంది. అత్త కోడల్ని గాల్లోకి ఎత్తి కావాలని జారవిడిచిందంటే నమ్మనివాళ్ళు ఎంతమంది ఉంటారు? కొడుకు కూడా ఒక్క అడుగు వెనక్కి వేశాడు. ఆవిడ ఆ అడుగు చూసింది.

"చొక్కా!" అంది.

"ఏంటి?"

"నా చొక్కారా! చొక్కా పైకి పోయింది!" డ్రిల్లు టీచరమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. మాటలు వేళ్ళ మధ్యలోంచి వచ్చాయి. "ఈ అమ్మాయి నాకు ఒంటికి పట్టే చొక్కా కొనిచ్చింది. ప్యాంటులోకి దోపుకోమని మాస్టారు చెబుతూనే ఉన్నారు. పదిమందిలో అలా బిగదీసుకుని పడుకుంటే బాగుండదని నేనే వదులు చొక్కా వేసుకొచ్చాను. కాళ్ళెత్తి, చేతులెత్తేసరికి అదంతా గుండెల దాకా లేచిపోయింది. చల్లగాలి కడుపుకి తగిలింది. తల తిప్పి చూస్తే ఎదురుగా అన్నయ్యగారు నిలబడి ఉన్నారు. ఎవరో పరాయివాళ్ళయితే పోనీలే అనుకునేదాన్నేమో. వియ్యంకుడుగారు! పెళ్ళిలో కూడా ఆయన ఎదురుగా తలెత్తి నిలబడనిదాన్ని, అలా పొట్ట పరుచుకుని... ఒక్క క్షణం చాలనుకున్నాను. లాక్కుని మళ్ళీ పట్టుకుందామనుకున్నాను. నా చెయ్యి నా మాట వినలేదు తల్లీ. సిగ్గు మాట వింది."

ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే అది కూడా సానుభూతి కోసమే అనుకుంటారని భయపడింది. "పరుగు పందెంలో గౌను సర్దుకుంటూ వెనకబడిన పిల్లల్ని ఎన్నిసార్లు తిట్టానో. ఎవరు చూస్తారే, ముందు పరిగెత్తు అని. నాకు వచ్చేసరికి... నీ చెయ్యి వదిలేశాను. అంతటితో ఆగితే బాగుండేది. ఈ ముక్క బయటికి చెప్పలేక వీడి మీదికి తోశాను. కన్నకొడుకు మీదికి. ఛీ, నేనేం తల్లిని."

యోగా మాస్టారు ఆకాశం వైపు చూస్తున్నారు. ఊపిరి తీసుకోమని ఎవరికీ చెప్పలేదు, తానే తీసుకోవడం మర్చిపోయినట్టున్నారు.

కోడలు నెమ్మదిగా తండ్రి వైపు తిరిగింది. "నాన్నా. మొదట్నించి చివరిదాకా రెప్ప వెయ్యకుండా చూశానన్నారు."

"చూశాను. అంటే, పట్టీ వైపు చూశాను," అన్నారు వియ్యంకుడుగారు. ఆయన చెవులు ఎర్రగా కంది ఉన్నాయి. "చొక్కా సంగతి నాకు తెలీదు. నేను అటు చూడనే లేదు. పాపం ఆవిడకి చొక్కా కొస ఒకసారి అందక, మళ్ళీ చెయ్యి చాపి లాక్కున్నప్పుడైతే నేను మొహం పూర్తిగా ఆ చెట్టువైపు..."

అని ఆయన ఆగిపోయారు. ఎన్ని వాయిదాల్లో ఎంతమంది సాక్షులు ఇలా తమ మాటలో తామే ఇరుక్కోవడం చూసి ఉంటారో! ఈసారి బోనులో ఆయనే ఉన్నారు.

"ఒకసారి అందలేదని నేను చెప్పలేదే," అంది డ్రిల్లు టీచరమ్మ, మొహం మీది చేతులు తీసి.

"అంటే మీకు తెలుసు," అంది కూతురు. "చెయ్యి తీసింది అత్తయ్య అని మొదట్నించీ తెలుసు. తెలిసే అతన్ని అన్నేసి మాటలన్నారు."

"ఏ నోటితో చెప్పమంటావే?" వియ్యంకుడుగారు మళ్ళీ చెట్టు మొద్దు మీద కూలబడ్డారు, ఈసారి చేతిరుమాలు లేకుండానే. "వియ్యపురాలు చొక్కా లాక్కుంది, నేను చూశాను అని పదిమందిలో చెప్పమంటావా? నువ్వెందుకు చూశావయ్యా అంటే ఏం చెప్పను? మీ అమ్మకి ఏం చెప్పను? ఎవరో ఒకరి తప్పు కావాలి. అతను నాదే నాదే అంటున్నాడు. సరే, అతనిదే అనుకుంటే పోలా అనిపించింది. పైగా, అనగా అనగా నాకూ నిజంగా అతనిదేననిపించింది."

"అన్నయ్యగారూ," అంది డ్రిల్లు టీచరమ్మ.

"చెల్లెమ్మా," అన్నారాయన.

ఒకరు బూట్ల వైపు, ఒకరు చాప అంచు వైపు చూస్తూ ఉండిపోయారు. ఇద్దరు పెద్దమనుషుల మర్యాద నిలబెట్టడానికి ఒక కుర్రాడి పేరు పోయింది. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. మనిషికి సిగ్గు ఉండాలంటారు. ఉండాల్సిన చోట ఉండాలి, ఉండకూడని చోట పెట్టుకుంటే ఇంకొకరి చెయ్యి విరుగుతుంది.

"బాబూ," అన్నారు వియ్యంకుడుగారు చివరికి. "నన్ను క్షమించు. ఆ బస్తాల మాట... అది నోరు జారి అన్నది కాదు, కావాలనే అన్నాను. దానికి ఇంకా ఎక్కువ సిగ్గుపడుతున్నాను. అమ్మాయిని ఇప్పుడే మీ ఇంటికి తీసుకెళ్ళు."

అంతా అయిపోయిందనుకున్నారు. మాస్టారు గట్టిగా ఊపిరి వదిలారు. డ్రిల్లు టీచరమ్మ కొడుకు చెయ్యి పట్టుకోబోయింది.

కొడుకు ఆ చెయ్యి అందనివ్వలేదు. కోపంగా కాదు, వేరే ఏదో లెక్క చూసుకుంటున్నట్టు. చేతుల వణుకు తగ్గింది. పట్టీ దగ్గరికి వెళ్ళి పిడి మీట ఒక్క వేలితో ఎత్తాడు. పట్టీ చల్లగా నేల మీదికి దిగింది. చుట్టలు చుట్టుకుంటూ, పెళ్ళాం ముందుకి వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"ఒక్కటి అడుగుతాను," అన్నాడు. "చెయ్యి ముందే పోయిందని నీకు ఇవాళ తెలిసిందా?"

కోడలు మెడకి వేలాడే గుడ్డ సర్దుకుంది.

"నువ్వు గాల్లో ఉండగా నా అరుపు వినపడిందన్నావు. అంటే పడుతున్నప్పుడే నీకు తెలుసు, పట్టీ తప్పు కాదని."

"ఒరేయ్, పోనీరా, పిల్ల అసలే..." అంది తల్లి.

"ఉండమ్మా." గొంతు పెంచలేదు. "ఆసుపత్రిలో నీకు కట్టు వేస్తుంటే నేను నీ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. నా వల్లే, నా పట్టీ వల్లే అని. నువ్వు నా తల మీద చెయ్యి కూడా వేశావు. అప్పుడు తెలుసా?"

"తెలుసు," అంది కోడలు.

"తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా క్షమించమన్నాను. గోడౌన్లో నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టారని చెప్పాను. అప్పుడూ తెలుసా?"

"తెలుసు."

"అమ్మకి సిగ్గు, చెప్పలేదు. మామయ్యగారికి సిగ్గు, చెప్పలేదు. నాకర్థమైంది. నీకేమైంది? ఒక్క మాట చెబితే పోయేదానికి, నువ్వెందుకు ఊరుకున్నావు?"

కోడలు కట్టు మీద వేళ్ళు పెట్టి, పోగుగా లేచిన దారాన్ని లాగుతోంది. ఇందాక అత్తని అడిగినప్పటి ధైర్యం ఆ మొహంలో ఎక్కడా లేదు. అత్తా, తండ్రీ, మాస్టారూ ముగ్గురూ తననే చూస్తున్నారని తెలిసి తల ఇంకా దించుకుంది.

"ఇవాళ కూడా చెప్పకూడదనే వచ్చాను," అంది. "నీ చేతులు చూసి ఉండలేకపోయాను."

"అది కాదు నేనడిగింది."

"తెలుసు." ఆమె తలెత్తింది. కళ్ళలో నీళ్ళు లేవు, దాచుకోవడానికి చోటు మిగలని మనిషి చూపు. "నీ తప్పు కాదని చెబితే నేను మనింటికి తిరిగి రావాలి కదా. నాకు పుట్టింటికి వెళ్ళిపోవడానికి ఓ సాకు కావాల్సొచ్చింది. అత్తయ్య చెయ్యి జారినప్పుడు, కింద పడకముందే... అమ్మయ్య, దొరికింది అనుకున్నాను."